ఆదిశేషు గారి సిపాయి తుపాకీ

ఆదిశేషు ఉద్యోగం బ్రేకులు పరీక్షించడం. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, కార్లకు విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పదమూడేళ్లుగా అదే పని. ఏ భాగం ఎప్పుడు, ఎలా చెడిపోవచ్చో ముందుగా ఊహించి, కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాలి. ఆ అలవాటు ఆఫీసులో వదిలేసి వచ్చే రకం కాదు ఆయన. కారెక్కినవాళ్లు బెల్టు పెట్టుకునేదాకా ఇంజను స్టార్ట్ చేసేవాడు కాదు. మిషిగన్‌లో అప్పటికింకా అలాంటి చట్టమే రాలేదు. ఎవరింటికి వెళ్లినా వంటింట్లోకి తొంగిచూసి, పొయ్యి మీది గిన్నె పిడి బయటికి ఉంటే గోడవైపు తిప్పి వచ్చేవాడు. ఊళ్లో తెలుగువాళ్లు వెనకాల ‘బ్రేకుల శేషు’ అనీ, ఎదురుగా ‘శేషుగారూ’ అనీ పిలిచేవారు.

ఎనభై ఒకటి వేసవిలో, లపీర్ దగ్గర ఒక పొలంలో ముసలాయన పోతే, పిల్లలు ఇంట్లో సామానంతా గడ్డి మీద పరిచి అమ్మేస్తున్నారు. ఆదిశేషు వెళ్లింది ఒక పాత స్క్రూడ్రైవర్ల సెట్టు కోసం. తెచ్చుకున్నది నాలుగున్నర అడుగుల తుపాకీ.

“మా తాత కాలం నుంచీ పశువుల కొట్టం తలుపు మీదే ఉంది. అంతకంటే నాకేం తెలీదు” అన్నాడు అమ్మినతను.

ఆదిశేషుకు అంతకంటే చాలా తెలిసింది. ట్రిగ్గరు పైన ఇనుప రేకు మీద ఒక కిరీటం, ‘టవర్’ అనే మాట, 1861 అనే అంకె చెక్కి ఉన్నాయి. కిరీటం ఉందంటే విక్టోరియా రాణిది. రాణిదంటే సిపాయిలది. సిపాయిలదంటే పద్దెనిమిది వందల యాభై ఏడు తిరుగుబాటుది. ట్రాయ్ వచ్చేలోగా కారులోనే ఇదంతా తేలిపోయింది.

ఆయన భార్య వసుమతి ఊళ్లో ఆసుపత్రిలో పాథాలజిస్టు. రోజంతా మైక్రోస్కోపులో చూసి, ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి. ఆవిడ తుపాకీని ఒకసారి చూసి, “దీని మీద అరవై ఒకటి అని ఉందిగా?” అంది.

“అది రిపేరు చేసిన తేదీ అయ్యుంటుంది.”

“సిపాయిల తుపాకీ లపీర్‌లో గేదెల దగ్గరికి ఎలా వచ్చిందండీ?”

“ఎవరో తెల్ల సోల్జరు తెచ్చుకుని ఉంటాడు. హిస్టరీలో ఇలాంటివి లక్ష.”

మూడు ఆదివారాలు కూర్చుని స్టీలు ఊలు పెట్టి రుద్దాడు. నూట ఇరవయ్యేళ్లుగా ముదురు గోధుమరంగుకు తిరిగిన ఇనుము పెళ్లివారి స్టీలు గ్లాసులా తళతళలాడింది. గొట్టం లోపల మాత్రం ముట్టుకోలేదు. కనబడని చోట మెరుపెందుకు? ఫ్యామిలీ రూములో ఫైర్‌ప్లేసు పైన రెండు హుక్కులు బిగించాడు. తుపాకీ ఊడి ఎవరి నెత్తినా పడకూడదు కనుక, ముందు ఆ హుక్కులకు నలభై పౌన్ల బియ్యం సంచి రెండు రోజులు వేలాడదీసి చూశాడు. ఊడలేదు. అప్పుడు తుపాకీ ఎక్కింది.

బాపట్లలో ఆయన పూర్వీకులు మూడు తరాలుగా బడిపంతుళ్లు. అడకత్తెరకు మించిన ఆయుధం ఆ ఇంటి గడప తొక్కలేదు. కానీ తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే ఒక పాట్‌లక్కులో ఎవరో “మీ తాతముత్తాతలదా అండీ?” అని అడిగితే, ఆదిశేషు అవుననలేదు, కాదనలేదు. “ఇప్పుడవన్నీ ఎందుకులెండి” అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఇంటింటికీ తిరిగి, ఆరు నెలల్లో ఆయన ముత్తాతను మీరట్ దాకా నడిపించి, గుర్రం కూడా ఎక్కించింది.

ఎనభై రెండు దీపావళికి ముందు ఆదివారం మధ్యాహ్నం అందరూ ఆదిశేషు ఇంట్లో కలిశారు. తెలుగు సంఘం సెక్రటరీ కృష్ణమోహన్, ఒహాయో బోర్డరు దాటి వెళ్లి టపాకాయలు తెస్తానని వారం ముందే అన్నాడు. ఆదిశేషు ఒప్పుకోలేదు.

“ఇల్లీగల్ అండీ. పైగా డేంజరస్. చంటిపిల్లలున్న ఇల్లు.”

బదులుగా తానే బొమ్మల షాపుకు వెళ్లి, పిల్లల పిస్తోళ్లలో పెట్టే కాగితపు రీళ్లు కొనుక్కొచ్చాడు. వాటిని వాకిట్లో రాతి మీద కొట్టి పిల్లలు కాసేపట్లోనే విసుగెత్తిపోయారు. అప్పుడు కృష్ణమోహన్‌కు ఒక ఆలోచన వచ్చింది.

“గురువుగారూ, మీ సిపాయి తుపాకీలో ఈ రీలు పెడితే పేలుతుందా?”

తుపాకీ దిగింది. వెనకాల సుత్తిలాంటి హ్యామరు ఉంటుంది. ట్రిగ్గరు నొక్కితే అది వచ్చి, గొట్టం పక్కనున్న చిన్న ఇనుప మొన మీద పడుతుంది; లోపలి మందుకు నిప్పు పోయేలా సన్నటి రంధ్రం ఉన్న ఆ మొనే చూచుకం. ఆదిశేషు ఆ చూచుకం మీద రీలు ముక్క పెట్టాడు. కృష్ణమోహన్ సోఫా ముందు నిలబడి, తెల్లదొరలా చేతులు పైకెత్తాడు. వెనక సోఫాలో ఆయన భార్య సుమతి, ఒళ్లో రెండేళ్ల కూతురు. ఆదిశేషు గురిపెట్టి నొక్కాడు. టప్‌మని చప్పుడు, కాస్త పొగ. అందరూ ఒకటే నవ్వు.

“ఫోటో సరిగ్గా పడలేదు, మళ్లీ చేయండి” అంది కెమెరా పట్టుకున్న వసుమతి.

మళ్లీ చేశారు.

మరుసటి ఏడు వేసవిలో సంఘం వాళ్లు పంద్రాగస్టు సభ తలపెట్టారు. హాలు బుక్ చేశారు. తుపాకీని వేదిక మీద పెట్టి, దాని గురించి ఆదిశేషు మాట్లాడాలి. సావనీరులో ఫోటో వేయాలి. కింద ఎవరైనా ఎక్స్‌పర్టు చెప్పిన రెండు ముక్కలు కూడా ఉంటే నిండుగా ఉంటుందని కృష్ణమోహన్ అన్నాడు. దగ్గర్లో ఒక మైదానంలో పాత తుపాకుల సంత జరుగుతుందనీ, అక్కడ ఒకాయన బల్ల వేసుకుని, తెచ్చినవాళ్ల తుపాకీ ఏమిటో చెబుతాడనీ వసుమతి పేపర్లో చూసింది. జూన్‌లో ఒక శనివారం భార్యాభర్తలిద్దరూ వెళ్లారు.

బల్ల వెనక మనిషి పేరు స్టాన్ వోయ్‌చిక్. డెబ్బై ఏళ్లుంటాయి. కార్ల ఫ్యాక్టరీలో పనిముట్లు చేసి రిటైరైనవాడు. కుడిచేతికి రెండు వేళ్లు సగం వరకే ఉన్నాయి. అవి లేత్ మిషన్లో పోయాయనీ, తుపాకీతో కాదనీ అడగకముందే అందరికీ చెబుతాడు.

ఆదిశేషు దుప్పటి విప్పి తుపాకీని బల్ల మీద పెట్టాడు. స్టాన్ మొదట దాన్ని చూడలేదు. గొట్టం మూతి ఎటు ఉందో చూశాడు. అది ఎదురు బల్ల దగ్గర దోసె తింటున్నట్టు తీరిగ్గా డోనట్ తింటున్న ఒకావిడ వైపు ఉంది. దాన్ని ఇటుక గోడ వైపు తిప్పాడు.

“లోపల మందుందా?”

“సర్, ఇది నూటపాతికేళ్ల నాటిది” అన్నాడు ఆదిశేషు.

“నేనడిగింది వయసు కాదు.”

స్టాన్ ఒక సన్నటి చెక్కపుల్ల తీసి గొట్టంలోకి జారవిడిచాడు. అది ఆగినచోట, మూతి దగ్గర పెన్సిలుతో గీత పెట్టాడు. పుల్లను బయటికి తీసి, గీత మూతికి సరిపోయేలా గొట్టం పక్కన పరిచాడు. దాని కొస చూచుకం దాకా రావాలి. రాలేదు. మూడంగుళాల ముందే ఆగిపోయింది.

“మెజర్‌మెంట్ ఎర్రర్ అయ్యుంటుంది” అన్నాడు ఆదిశేషు.

“అయితే మీరు కొలవండి.”

ఆదిశేషు కొలిచాడు. మూడంగుళాలు. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి మళ్లీ కొలిచాడు. మూడంగుళాల మీద నూలు వాసి ఎక్కువే వచ్చింది.

“కింద ఏదో ఉంది. పిచ్చుక గూడైనా కావచ్చు, మందూ గుండూ అయినా కావచ్చు. తేలేదాకా మందే అనుకోవాలి. దీనితో ఏమైనా ఆటలాడారా?” అన్నాడు స్టాన్.

వసుమతి చెప్పింది. రీలు సంగతి, సోఫా సంగతి, రెండోసారి తానే అడిగిన సంగతి. ఆవిడ చెబుతుంటే ఆదిశేషు స్కేలును జేబులో పెట్టుకోబోయి రెండుసార్లు తప్పాడు.

స్టాన్ సన్నటి తీగ ఒకటి చూచుకం రంధ్రంలో పెట్టి చూశాడు. దిగలేదు. “పాత కొవ్వూ తుప్పూ కలిసి రాయిలా బిగుసుకుపోయింది. రీలు నిప్పు లోపలికి పోలేదు. పైన ఇంత బాగా రుద్దినవారు ఈ రంధ్రం ఎందుకు శుభ్రం చేయలేదు?”

“అది… కనబడదు కదా అని.”

“దేవుడికి దండం పెట్టుకోండి. మీ బద్ధకం ముగ్గురిని బతికించింది.”

ఇన్నేళ్ల సర్వీసులో ఆదిశేషు గురించి బద్ధకం అనే మాట అన్నది స్టాన్ ఒక్కడే.

స్టాన్ వర్కుషాపు వెనక ఖాళీ స్థలంలో మందు బయటికి తీశారు. గొట్టంలో నీళ్లు, నూనె పోసి పది రోజులు నాననిచ్చాడు. తర్వాత కొసకు స్క్రూ ఉన్న చువ్వతో, తానెప్పుడూ మూతికి ఎదురుగా రాకుండా పక్కన నిలబడి, కొంచెం కొంచెంగా లాగాడు. ముందు ఉండచుట్టిన కాగితం వచ్చింది. తర్వాత ఆవాలంత, మిరియాలంత సీసపు గుండ్లు గుప్పెడు. మళ్లీ కాగితం. చివరికి బొగ్గు ముద్దలా నల్లమందు. ఒక పలుకు ఆరబెట్టి, రాతి మీద పెట్టి అగ్గిపుల్ల అంటించాడు. భుస్సుమంది.

“ఇన్నేళ్లకూ చావలేదు చూశారా” అన్నాడు.

కాగితపు ఉండల్ని వసుమతి ఆసుపత్రికి పట్టుకెళ్లింది. లంచ్ టైములో వాటిని తడిపి, పొరలు విడదీసి, గాజు పలకల మధ్య పరిచింది. పాత వార్తాపత్రిక ముక్కలు. ఒకదాంట్లో పందుల జబ్బుకు మందు ప్రకటన, లపీర్ అనే ఊరిపేరు. ఇంకోదాంట్లో 1893. ఆవిడ ఎప్పటిలాగే రిపోర్టు రాసి భర్త చేతిలో పెట్టింది.

మిగతాది స్టాన్ చెప్పాడు. “రాణిగారి సైన్యానికి చేసినవాటికి కిరీటం కింద వి, ఆర్ అని రెండక్షరాలుంటాయి. దీనికి ఉత్త కిరీటమే.”

“నేను రుద్దినప్పుడు పోయాయేమో?”

“కిరీటాన్ని వదిలేసి అక్షరాలు మాత్రం పోయాయా?”

ఆదిశేషు కిరీటాన్ని బొటనవేలితో తడిమి చూశాడు.

“బర్మింగ్‌హామ్‌లో ప్రైవేటు వాళ్లు చేసి, ఎవరు కొంటే వాళ్లకు అమ్మినవి ఇవి. అరవై ఒకటిలో మా అమెరికావాళ్లు ఉత్తరం, దక్షిణం అని విడిపోయి కొట్టుకుంటున్నారు. ఇద్దరూ ఓడల కొద్దీ కొన్నారు. యుద్ధం అయ్యాక చవగ్గా రైతులకు అమ్మేశారు. ఆ రైతు లోపలి గాడులు తొలిపించి నున్నగా చేయించాడు, చిన్న గుండ్లు వేసుకోవడానికి. ఇది ఇండియా మొహం చూడలేదు సర్. మొక్కజొన్న చేలో కాకుల్ని కొట్టింది.”

ఇద్దరూ కారెక్కి, బెల్టులు పెట్టుకుని, ఇంటిదారి పట్టారు.

“కృష్ణమోహన్‌తో చెప్పాలి” అన్నాడు ఆదిశేషు.

“సుమతితో కూడా.”

ఆ సాయంత్రమే వెళ్లారు. ఆదిశేషు కుర్చీ అంచున కూర్చుని, ఆఫీసులో ఫెయిల్యూర్ రిపోర్టు చదివినట్టు వరసగా అంతా చెప్పాడు. చివర “తప్పు నాది. క్షమించండి” అన్నాడు. కృష్ణమోహన్ తొడ చరిచాడు.

“అంటే గురువుగారూ, లోడ్ చేసిన సిపాయి తుపాకీ ముందు నిలబడి బతికానా నేను!”

“సిపాయిలది కాదండీ. కాకుల—”

“అదేదైనా లెండి. రెండుసార్లు! ఇలాంటిది ఎవడికి జరుగుతుందండీ?”

సుమతి గోడకు ఆనుకుని నిలబడి వింది. ఆవిడ ఆదిశేషు వైపు చూసి నెమ్మదిగా అంది: “అన్నయ్యగారూ, ఆ రోజు పిల్ల నా ఒళ్లో ఉంది.”

“అవునమ్మా.”

అంతే. లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆదిశేషు దంపతులు ఆ ఇంట్లోంచి కాఫీ తాగకుండా రావడం అదే మొదటిసారి.

పంద్రాగస్టు సభలో ఆదిశేషు నిజమే చెప్పాడు. కిరీటం గురించి, పందుల మందు గురించి, తన తాతముత్తాతలు సుద్దముక్క తప్ప పేల్చిందేమీ లేదని కూడా చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. “ఎంత వినయమండీ!” అన్నారు. అప్పటికే అచ్చయిన సావనీరులో దీపావళి ఫోటో వేశారు. చేతులెత్తిన కృష్ణమోహన్, గురిపెట్టిన ఆదిశేషు, కింద ‘సిపాయిల నాటి మందుగుండు దట్టించిన తుపాకీ – మన సభ్యుల సాహసం’ అని ఉంది. ఆఖరి నిమిషంలో ప్రెస్సుకు ఫోన్ చేసి ‘మందుగుండు దట్టించిన’ అనే మాటను కృష్ణమోహన్ చేర్పించాడట. ఆ ఫోటోలో అంచున, సోఫాలో, సగమే పడిన ఒక స్త్రీ, ఆవిడ ఒళ్లో ఊగుతున్న చిన్న కాళ్లు. సుమతి సభకు రాలేదు.

సెప్టెంబరులో ఆవిడే వసుమతికి ఫోన్ చేసింది.

“అక్కా, ఆ రోజు అది పేలి ఉంటే ఏమయ్యేది?”

“తెలీదు సుమతీ.”

“నాకు తెలియాలి. ఈయన అందరికీ జోకులా చెబుతున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. చూపించండి.”

వసుమతి స్టాన్‌ను అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. గొట్టం పగుళ్లు లేకుండా ఉందో లేదో పరీక్షించాలన్నాడు, చూచుకం మార్చాలన్నాడు. ఆధునిక మందు చిటికెడు వేసినా ఇలాంటి గొట్టం చీలిపోతుందనీ, నల్లమందు తప్ప మరొకటి పనికిరాదనీ చెప్పాడు. మొదటి గుండు మనిషి భుజం మీంచి కాల్చకూడదు. తుపాకీని పాత టైరుకు కట్టి, గోడ వెనక నుంచి తాడుతో లాగాలి. ఇవన్నీ విని ఆదిశేషుకు చాలా రోజుల తర్వాత ప్రాణం లేచివచ్చింది. రెండు సాయంత్రాలు కూర్చుని నలభై ఒక్క మెట్ల పద్ధతి ఒకటి టైపు చేసి తెచ్చాడు. స్టాన్ దాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివాడు.

“చాలా బాగుంది. కళ్లకు అద్దాలు, చెవులకు దూది మర్చిపోయారు.”

అక్టోబరు మొదట్లో స్టాన్ వాళ్ల తుపాకుల క్లబ్బు మైదానానికి నలుగురూ వెళ్లారు. ఆదిశేషు, వసుమతి, స్టాన్, సుమతి. కృష్ణమోహన్ పని ఉందన్నాడు. టైరుకు కట్టి మూడుసార్లు తాడు లాగారు. తుపాకీ నిలబడింది. తర్వాత ఆదిశేషు టేపు తీసి పన్నెండడుగులు కొలిచాడు. వాళ్ల ఫ్యామిలీ రూములో తాను నిలబడిన చోటు నుంచి సోఫా దాకా అంతే. అక్కడ స్టాన్ అంగుళం మందం పైన్ చెక్క నిలబెట్టి, వెనక మట్టికట్ట ఉందని చూసుకున్నాడు. లోపల దొరికినంతే మందు, అంతే గుండ్లు కొలిచి పోశాడు.

“ఎవరు కాలుస్తారు?”

ఆదిశేషు ముందుకు రాబోయాడు. ఆయన చేతిలో ఇంకా ఆ నలభై ఒక్క మెట్ల కాగితాలే ఉండడం చూసి స్టాన్ తల అడ్డంగా ఊపాడు. వసుమతి అద్దాలు సర్దుకుని తుపాకీ తీసుకుంది. భుజానికి గట్టిగా ఆనించి, స్టాన్ చెప్పినట్టు ఊపిరి సగం వదిలి, నొక్కింది. ఉరుములాంటి చప్పుడు. తెల్లటి పొగ వాళ్లందరినీ కమ్మేసింది. గాలికి అది తొలగేదాకా ఏమీ కనబడలేదు.

గుండ్లు విడివిడిగా పోతాయనీ, చెక్క మీద చుక్కలు పడతాయనీ ఆదిశేషు అనుకున్నాడు. లెక్కపెట్టడానికి పెన్సిలు కూడా తెచ్చాడు. చుక్కలు లేవు. ఒక్కటే బొక్క, పెద్ద నిమ్మకాయంత, ఈ పక్క నుంచి ఆ పక్కకు. దాంట్లోంచి మట్టికట్ట కనిపిస్తోంది.

సుమతి దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. ఏడవలేదు. “ఈ చెక్క నేను తీసుకెళ్లొచ్చా?” అని స్టాన్‌ను ఇంగ్లీషులో అడిగింది. ఆదిశేషు దాన్ని మోసుకెళ్లి ఆవిడ కారులో పెట్టాడు. అన్నయ్యగారూ అని ఆవిడ పిలవలేదు, కానీ కారు కదిలేముందు అద్దం దించి, “చలిగా ఉంది, అక్కని ఎక్కువసేపు ఉంచకండి” అంది.

ఆ ఏడు దీపావళి కృష్ణమోహన్ ఇంట్లో. యాన్ ఆర్బర్ నుంచి కొత్తగా వచ్చిన జగదీష్ అనే ఆయనను కూర్చోబెట్టి, కృష్ణమోహన్ సావనీరు తెరిచాడు.

“ఈ ఫోటో చూశారా? నేనే. లోడెడ్ గన్. రెండుసార్లు!”

“అరె! భయం వేయలేదా సార్?”

“భయమా—” అని కృష్ణమోహన్ మొదలుపెట్టేసరికి సుమతి గ్యారేజీ తలుపు తీసుకుని వచ్చింది. చేతిలో చెక్క. పకోడీల పళ్లెం పక్కకు జరిపి దాన్ని కాఫీ టేబుల్ మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. చెక్క ఇంట్లో ఉందని కృష్ణమోహన్‌కు అప్పటిదాకా తెలియదు.

“ఏమిటండీ ఇది?” అన్నాడు జగదీష్.

ఆదిశేషు చెప్పాడు. దూరమెంతో, మందెంతో, ఆ రోజు సోఫాలో ఎవరున్నారో. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆయన చెబుతుండగా కృష్ణమోహన్ కూతురు వచ్చి, చెక్కలో బొక్క చూసి, దాంట్లో గుప్పిట దూర్చింది. పట్టింది. అవతలి పక్క వేళ్లు చాచి ఆడించి, నాన్నకేసి చూసి కిలకిల నవ్వింది.

“అయితే ఇది సిపాయిలది కాదన్నమాట” అన్నాడు జగదీష్, కాస్త నిరాశగా.

కృష్ణమోహన్ సావనీరు మూసేశాడు. వంగి పిల్ల చేతిని మెల్లగా బయటికి లాగి, చెక్క పేళ్లేమైనా గుచ్చుకున్నాయేమోనని వేలూ వేలూ చూశాడు. ఎత్తుకున్నాడు. లోపలి నుంచి సుమతి భోజనాలకు పిలిచింది. ఆ పూట తిన్నంతసేపూ ఆయన పిల్లను కిందికి దించలేదు.